గిట్టుబాటు లెక్క తేలడానికి ఆరు నెలలు: చేత్తో కుట్టిన పుస్తకాలకు ధర కట్టిన నా అనుభవం

జనవరి 8న మొదలుపెట్టిన పని జూన్ 30కి ఒక కొలిక్కి వచ్చింది. చేత్తో కుట్టిన నోటు పుస్తకానికి నేను చెబుతున్న ధర నాకు గిట్టుతోందా, లేకపోతే ఎంత పెట్టాలి అన్నది తేల్చుకోవడమే ఆ పని. ఒక ఆదివారం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటే తేలిపోతుందనుకున్నాను. కొన్నవాళ్ళ జవాబుల కోసం 27 రోజులు, సరైన కాగితం కోసం 16 రోజులు, కొత్త ధర పెట్టాక మొదటి అమ్మకం కోసం 19 రోజులు ఆగాల్సి వచ్చింది. అన్నిటికంటే కష్టమైనవి ఆ చివరి 19 రోజులే.

సరుకు ఒకటే. ఏ5 సైజు, 160 పేజీలు, గీతల్లేని తెల్ల కాగితం, గట్టి అట్ట, పైన బట్ట. ఏ4 కాగితాలు నాలుగు కలిపి మడిస్తే ఒక ఫారం, అంటే 16 పేజీలు. అలాంటి ఫారాలు పది. కాగితాలు మొత్తం 40, వంద జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు వంద గ్రాములు) రకమైతే పావు కిలో బరువు. 2 మిల్లీమీటర్ల అట్ట, వెన్నుకు పల్చటి జాలీ బట్ట, రెండున్నర మీటర్ల మైనం పట్టించిన నార దారం, తెల్ల జిగురు. వీటన్నిటి ఖర్చు కలిపి 100 అనుకోండి. డబ్బు అంకెలు చోటుని బట్టి మారతాయి. ఇక మీదట రాసే ప్రతి మొత్తం ఆ 100 మీద లెక్కే.

అప్పటిదాకా నా ధర 300. పదార్థానికి మూడింతలు అని ఎక్కడో విన్న సూత్రం. నెలకు 44 దాకా అమ్ముడయ్యేవి. చేతిలో డబ్బు ఆడుతూనే ఉండేది, నెలాఖరుకి మాత్రం ఏమీ మిగిలేది కాదు. మూడింతల సూత్రంలో ఉన్న తిరకాసు ఏమిటంటే, అందులో కాలం లేదు. ఖరీదైన తోలు వాడి పదినిమిషాల్లో చేసే వస్తువుకు అది ఎక్కువ పడుతుంది, చవక కాగితంతో రెండు గంటలు కుట్టే వస్తువుకు తక్కువ పడుతుంది. నాది రెండో రకం.

జనవరి 8 నుంచి ఫిబ్రవరి 4 దాకా, నాలుగు వారాలు, ప్రతి పనినీ గడియారం పెట్టి కొలిచాను. ఒకేసారి 12 పుస్తకాలు చేస్తాను కాబట్టి ఒక్కో దశకు పట్టిన మొత్తం కాలాన్ని పన్నెండుతో భాగించాను. ఒక్క పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా చేసి కొలిస్తే తప్పు వస్తుంది. పరికరాలు తీసి సర్దుకునే కాలమంతా ఆ ఒక్కదాని మీదే పడుతుంది. అలాగని బాగా చెయ్యి తిరిగిన రోజు ఒక్కటే కొలిచినా తప్పే. నాలుగు వారాల్లో అలసిన రోజులు, సూది విరిగిన రోజులు కూడా కలుస్తాయి, అవి కలవాలి.

ఒక్కో పుస్తకానికి పట్టిన నిమిషాలు ఇవి. కాగితం లెక్కపెట్టి మడవడం 12. ఆరెతో కుట్టు రంధ్రాలు పొడవడం 4. కుట్టడం 38. వెన్ను పైనా కిందా పట్టుదారంతో చేత్తో అల్లే రంగుల అంచు 16. వెన్నుకు జిగురు, జాలీ బట్ట, అట్టలోపల అంటించే ఎండ్ పేపర్లు 10. అట్ట, బట్ట కోయడం 9. అట్టలకు బట్ట అంటించి మడవడం 12. పుస్తకాన్ని అట్టలోకి ఎక్కించడం 9. చివర్లో తుడిచి చూసుకోవడం 4. అంతా కలిపితే 114. రాత్రంతా ప్రెస్‌లో బరువు కింద ఉండే పన్నెండు గంటలు ఇందులో లేవు. ఆ కాలానికి కూలి లేదు, చోటు మాత్రం కావాలి.

ఎవరైనా అడిగితే "గంట పడుతుంది" అని చెప్పేవాణ్ణి. అబద్ధం చెప్పాలని కాదు, కుట్టే కాలమే పనిగా తోచేది, మిగతాది పనిలా అనిపించేది కాదు.

మొదటి దెబ్బ అది. రెండోది బల్ల దగ్గర జరగని పని. ఫొటోలు తీయడం, వివరం రాయడం, సందేశాలకు జవాబులు, కట్టలు కట్టడం, పంపడానికి వెళ్ళడం, సామాను కొనడం, బల్ల కడగడం. వారానికి 9 గంటలు. 12 పుస్తకాలకు పంచితే ఒక్కోదానికి 45 నిమిషాలు. ఈ 45 నిమిషాల ఊసు అంతకుముందు ఏ లెక్కలోనూ లేదు.

తర్వాత తరుగు. తరుగు రెండు రకాలు, విడివిడిగా చూడాలి. ఒకటి కోతలో పోయేది: బట్ట అంచులు, అట్ట ముక్కలు, దారం కొసలు. దానితో 100 కాస్తా 112 అయింది. రెండోది పాడైన పుస్తకాలు. నాలుగు వారాల్లో చేసిన 48లో 4 అమ్మడానికి పనికిరాలేదు, అంటే పన్నెండింట ఒకటి. రెండింటికి అట్ట వంగింది, ఒకదానికి జిగురు పొంగి పేజీలు అంటుకున్నాయి, ఒకటి తలకిందులుగా ఎక్కింది. పన్నెండు చేస్తే అమ్మేవి పదకొండే కాబట్టి పదార్థం ఖర్చునూ, బల్ల దగ్గరి కాలాన్నీ 12తో గుణించి 11తో భాగించాలి. 112 అలా 122 అయింది, 114 నిమిషాలు 124 అయ్యాయి. పాడైనది పారేస్తే పోయేది కాగితమే అనుకుంటాం, దాని మీద గడిచిన రెండు గంటలు కూడా పోతాయి.

ఫిబ్రవరి 5 నుంచి లెక్క కట్టాను. పదార్థం 122. కట్ట కట్టే సామాను 18. బ్లేడ్లు, కరెంటు, చోటు అద్దెలో వాటా, పరికరాల అరుగుదల నెలకు 1,100, 44 పుస్తకాలకు పంచితే 25. అమ్మే వేదిక పట్టుకునే కోత, చెల్లింపు మీద పడే కోత కలిపి ధరలో 13 శాతం, అంటే 300కి 39. ఇవన్నీ పోను మిగిలేది 96. పట్టిన కాలం 124కు 45 కలిపి 169 నిమిషాలు. గంటకు 34.

ఇదే పని ఇంకొకరితో చేయిస్తే గంటకు ఎంత ఇవ్వాలో వాకబు చేస్తే నా లెక్కలో 120 అని తేలింది. మూడో వంతు కూడా నాకు రావడం లేదు. ఆ రాత్రి పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకుంటే ముద్దుగా కాదు, బాకీ పత్రంలా కనిపించింది.

గంట కూలి ఎంత పెట్టుకోవాలన్నది చాలామంది తడబడే చోటు. "నాకు ఎంత కావాలి" అని అడుక్కుంటే సిగ్గుపడి తక్కువ వేసుకుంటాం, లేదా కోపంలో ఎక్కువ వేసుకుంటాం. "నాకు జ్వరం వస్తే ఈ పనికి ఇంకొకరిని పెట్టుకుంటే ఎంత" అని అడుక్కోండి. అది బయట దొరికే అంకె, మన మనసుతో పని లేదు.

120 చొప్పున 169 నిమిషాలకు కూలి 338. పదార్థం, కట్ట, స్థిర ఖర్చు కలిపితే 503. ఇప్పుడు 13 శాతం కోత. ఇక్కడ మొదట నేనూ తప్పు చేశాను: 503కి 13 శాతం కలిపి 568 అనుకున్నాను. కోత పడేది ఖర్చు మీద కాదు, ధర మీద. 568లో 13 శాతం పోతే చేతికి వచ్చేది 494, తొమ్మిది తక్కువ. కలపకూడదు, భాగించాలి: 503ని 0.87తో భాగిస్తే 578. ఇది లాభం లేని ధర, కూలి మాత్రం గిట్టే ధర. కొత్త పరికరం కొనాలన్నా, అమ్మకాల్లేని నెల గడవాలన్నా లాభం వేరుగా ఉండాలి. ధరలో 15 శాతం లాభం అనుకుంటే, 13 శాతం కోతతో కలిపి 28 పోతుంది కాబట్టి 503ని 0.72తో భాగించాలి. 699.

300 దగ్గర్నుంచి 699కి! ఆ అంకె రాసి పుస్తకం మూసేశాను. మూడు రోజులు దాని జోలికి పోలేదు.

మళ్ళీ తెరిచాక చేసింది ఇంకో తప్పు పని: ఇతరుల ధరలు చూడడం. అదే సైజు, అంతే పేజీల పుస్తకాలు 180 నుంచి 1,400 దాకా కనిపించాయి. దాంతో తేలిందేమీ లేదు. ఒకటి, కనిపించేవి అడుగుతున్న ధరలు, అమ్ముడైన ధరలు కావు. రెండు, 180కి పెట్టినవాటిలో చాలావాటికి వెన్నుకు జిగురే తప్ప కుట్టు లేదు, దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. మూడు, కొందరు కాలక్షేపానికి చేస్తారు, కూలి వేసుకోరు, వాళ్ళకు ఆ ధర తప్పు కాదు. వాళ్ళతో పోటీపడితే మాత్రం నా లెక్క వాళ్ళ కాలక్షేపం మీద ఆధారపడుతుంది.

ఇక్కడిదాకా చేసిందంతా ధర కింది అంచు తెలుసుకోవడం. అంతకు తగ్గితే గిట్టదు అని మాత్రమే అది చెబుతుంది. కొనేవాళ్ళు అంత ఇస్తారా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు నా బల్ల మీద లేదు. నేను 169 నిమిషాలు పడ్డానన్నది కొనేవాళ్ళకు కారణం కాదు. అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే ఈ తేడాని నీళ్ళు, వజ్రాల పోలికతో చెప్పాడు: నీళ్ళంత పనికొచ్చేది లేదు, వాటికి బదులుగా దొరికేది దాదాపు ఏమీ లేదు, వజ్రం వాడకం స్వల్పం, దానికి బదులుగా బోలెడు సరుకు వస్తుంది. చదువుకున్నప్పుడు పరీక్ష కోసం రాసిన సంగతి, ఫిబ్రవరిలో వీపు మీద చరిచినట్టు గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 12న, గడిచిన ఏడాదిలో కొన్నవాళ్ళలో 31 మందికి రాశాను. "పుస్తకం నచ్చిందా" అని అడగలేదు. అలా అడిగితే మర్యాద కోసం నచ్చిందనే అంటారు. మూడు ప్రశ్నలు పెట్టాను. ఇప్పుడు ఆ పుస్తకం ఎక్కడ ఉంది? చివరిసారి అందులో ఏం రాశారు? ఇది దొరక్కపోతే దాని బదులు ఏం కొనేవారు? "ఎంతైతే కొంటారు" అన్న ప్రశ్న కావాలనే వదిలేశాను. అడిగితే చెప్పే అంకె వేరు, జేబులోంచి తీసే అంకె వేరు.

మార్చి 10 నాటికి 18 మంది జవాబిచ్చారు. మొదటి వారంలో ఏడుగురు, ఇంకోసారి గుర్తు చేశాక మిగతావాళ్ళు. రెండోసారి గుర్తు చేయడానికి మొహమాటపడి పది రోజులు వృథా చేశాను, అంత అక్కర్లేదు.

ఆ జవాబులు చదివితే నా పుస్తకాన్ని నేనే సరిగా చూడలేదని తెలిసింది. 18 మందిలో 11 మంది ఒకే మాట ఏదో ఒక రూపంలో రాశారు: తెరిస్తే బల్ల మీద పరుచుకుని ఉంటుంది, చెయ్యి పెట్టి అదమక్కర్లేదు. ఆరుగురు సిరా అవతలి పేజీకి దిగదన్నారు. నలుగురు బహుమతిగా ఇచ్చామన్నారు. చేత్తో కుట్టింది అన్న మాట ముగ్గురే ఎత్తారు. పట్టుదారం అంచు గురించి ఒక్కరూ రాయలేదు. పుస్తకానికి 16 నిమిషాలు, కళ్ళు నొప్పెట్టేలా అల్లిన అంచు అది. నాకు అన్నిటికంటే గర్వంగా ఉండేది దాని గురించే.

మనసు చివుక్కుమంది. చేసినవాడి కంటికి తన పని ఎక్కువగా కనిపించడం నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత చదివాను. మైఖేల్ నార్టన్, డేనియల్ మొచాన్, డాన్ ఏరియలీ 2012లో అచ్చువేసిన పరిశోధనలో, కాగితం మడిచి బొమ్మలు చేసినవాళ్ళు తమ బొమ్మకు సగటున 23 సెంట్లు ఇస్తామన్నారు. అదే బొమ్మకు చెయ్యనివాళ్ళు చెప్పింది 5 సెంట్లు. నేను మడిచేదీ కాగితమే.

బదులు ఏం కొనేవారన్న ప్రశ్న మరీ పనికొచ్చింది. అచ్చు యంత్రం మీద తయారైన చవక నోటు పుస్తకం అన్నవాళ్ళు ఐదుగురే. తొమ్మిది మంది మంచి పేరున్న ఖరీదైన నోటు పుస్తకాల పేర్లు చెప్పారు, వాటి ధరలు నా లెక్కలో 450 నుంచి 800 మధ్య ఉన్నాయి. నలుగురు వేరే బహుమతి వస్తువు పేరు చెప్పారు. అంటే నన్ను నేను పోల్చుకుంటున్నది ఒక వరసలో, కొనేవాళ్ళు పోలుస్తున్నది ఇంకో వరసలో. పై అంచు ఎక్కడుందో సుమారుగా తెలిసింది.

దీంతో పుస్తకాన్నే మార్చాలని తేలింది. ఎవరికీ పట్టని చోట కాలం తగ్గించి, వాళ్ళు మెచ్చిన చోట ఖర్చు పెంచాలి. పట్టుదారం అల్లిక మానేసి రెడీమేడ్ పట్టీ అంటించాను. పదార్థం 2 పెరిగింది, 16 నిమిషాల పని ఒక్క నిమిషానికి వచ్చింది. మొదటి వారం ఆ పుస్తకాలు నాకు బోడిగా కనిపించాయి.

కాగితం సంగతి ఇంకా ముఖ్యం. తెరిస్తే పరుచుకోవాలంటే కుట్టు ఒక్కటే చాలదు, కాగితంలో నారలు వెన్నుకు సమాంతరంగా ఉండాలి. దీన్నే గ్రెయిన్ అంటారు. మామూలుగా దొరికే ఏ4 కట్టల్లో నారలు ఎక్కువగా పొడుగు వైపు నడుస్తాయి. దాన్ని సగానికి మడిస్తే ఏ5 వస్తుంది గానీ మడత నారలకు అడ్డంగా పడుతుంది. మడత దగ్గర కాగితం పెళుసుగా విరుగుతుంది, పేజీ బిరుసుగా నిలబడుతుంది, జిగురు తడికి వెన్ను అలలు అలలుగా లేస్తుంది. తడి తగిలితే నార పొడుగునా పెద్దగా సాగదు, అడ్డంగా సాగుతుంది, అదీ కారణం. అట్టకూ ఇదే సూత్రం. నా వంగిన రెండు పుస్తకాల్లోనూ ముక్కలు మిగిలాయని అట్టను అడ్డ గ్రెయిన్‌లో కోశాను. అంటే ఆదా చేసిన అట్ట ముక్క రెండు పుస్తకాలను మింగింది.

మందు ఏమిటంటే, పొడుగు గ్రెయిన్ ఉన్న ఎస్ఆర్ఏ3 కాగితం, 320 బై 450 మిల్లీమీటర్లది, కొనడం. దాని 450 వైపు నుంచి 210 చొప్పున రెండు ముక్కలు కోసి, రెండో వైపు 297కి కత్తిరిస్తే, పొట్టి వైపు గ్రెయిన్ ఉన్న రెండు ఏ4లు వస్తాయి. మడిస్తే మడత నారల వెంట పడుతుంది. దాదాపు 13 శాతం కాగితం పట్టీలుగా పోతుంది. 23 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు పేజీ గుర్తులకు సరిపోతాయి, వాటిని ప్రతి పుస్తకంలో ఒకటి ఊరికే పెడుతున్నాను. ఈ కాగితం వల్ల పుస్తకానికి పదార్థం 12 పెరిగింది. మార్చి 11న చెబితే 27న చేతికొచ్చింది. వచ్చిన కట్ట మీద గ్రెయిన్ రాసి ఉన్నా నమ్మకండి, ఒక ముక్కను ఒక వైపు తడిపి చూడండి. ఏ అక్షం చుట్టూ చుట్టుకుంటే నారలు ఆ దిశలో ఉన్నట్టు.

కోతకు 2 నిమిషాలు పెరిగాయి, మడత తేలికై 2 నిమిషాలు తగ్గాయి. బల్ల దగ్గరి కాలం 99కి వచ్చింది. పాడయ్యేవి ఇరవైకి ఒకటని అనుకుంటే 104. సందేశాలకు ముందే రాసిపెట్టుకున్న జవాబులు, ఒకేసారి తీసే ఫొటోలతో బయటి పని 30కి తగ్గుతుందని అంచనా వేశాను. కొత్త లెక్క: పదార్థం 126, పాడయ్యేవి కలిపితే 133. కట్ట 18, స్థిర ఖర్చు 25, 134 నిమిషాల కూలి 268. మొత్తం 444. కోత, లాభం చూసుకుని 0.72తో భాగిస్తే 617. నేను 640 పెట్టాను. కొనేవాళ్ళు పోల్చే 450, 800ల మధ్యలో ఉంది, గిట్టుబాటుకు కొంచెం పైన ఉంది.

ఏప్రిల్ 3 పొద్దున ధర మార్చాను. కొద్దికొద్దిగా పెంచితే కొనేవాళ్ళకు తెలియదని చాలామంది చెబుతారు. నేను ఒకేసారి పెంచాను. పదేపదే పెంచితే పాతవాళ్ళు ప్రతిసారీ నొచ్చుకుంటారు, ఏ మెట్టు దగ్గర అమ్మకం ఆగిందో కూడా అర్థం కాదు. అప్పటికే మాట ఇచ్చిన ఆరింటికి పాత ధరే తీసుకున్నాను, తేదీతో సహా ముందే చెప్పాను.

వివరం కూడా మార్చాను. అంతకుముందు "చేత్తో కుట్టినది" అని మొదలయ్యేది. ఇప్పుడు మొదటి ఫొటో, ఏ చెయ్యీ తగలకుండా బల్ల మీద పరుచుకుని ఉన్న తెరిచిన పుస్తకం. మొదటి వాక్యం కూడా అదే. కుట్టు సంగతి మూడో వాక్యంలోకి పోయింది, పుస్తకం అలా పరుచుకోడానికి కారణంగా. ఇక్కడో పొరపాటు ఒప్పుకోవాలి. ధర, ఫొటో, కాగితం మూడూ ఒకేరోజు మార్చాను కాబట్టి తర్వాత వచ్చిన ఫలితంలో దేని వాటా ఎంతో చెప్పలేను. ఫొటోని మార్చిలోనే పాత ధర మీద మార్చి చూడాల్సింది.

ఇక ఆ 19 రోజులు. చూసేవాళ్ళు తగ్గలేదు, కొనేవాళ్ళు లేరు. "పోయిన నెల సగం రేటే కదా" అని రెండు సందేశాలు, "ఒక నోటు పుస్తకానికి ఇంతా" అని ఒకటి. పన్నెండో రోజున ధర 480కి దించడానికి పేజీ తెరిచాను. 480 దగ్గర లెక్క వేసి చూసుకున్నాను: కోత పోను 418, ఖర్చు 444. అమ్ముడైనకొద్దీ కూలిలోంచి 26 తెగుతుంది. పేజీ మూసేశాను. ధైర్యమేమీ కాదు, లెక్క రాసి ఉండబట్టి ఆగాను. రాసి లేకపోతే ఖాయంగా దించేసేవాణ్ణి.

ఏప్రిల్ 22న ఒకటి పోయింది. నెలాఖరుకి ఐదు. ఆ నెల కోత, పదార్థం, కట్ట, స్థిర ఖర్చు పోను మిగిలింది 929. అలమరాలో 19 పుస్తకాలు మిగిలాయి. ధర పెంచబోయేవాళ్ళు రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని దిగాలని అప్పుడే అర్థమైంది.

మే నెలలో 17. ఒక్కోదానికి కోత, పదార్థం, కట్ట పోను 406 దాకా మిగులుతుంది. పదిహేడింటికి 6,899, అందులోంచి నెల స్థిర ఖర్చు 1,100 తీసేస్తే 5,799. పట్టిన కాలం 44 గంటలు. గంటకు 132. పాత ధరలో 44 పుస్తకాలు అమ్మిన నెలకు ఇదే లెక్కన మిగిలింది 4,224, పట్టింది 124 గంటలు.

ఈ లెక్కలో రెండు చిక్కులున్నాయి. స్థిర ఖర్చు పుస్తకానికి 25 అన్నది 44 అమ్మినప్పటి మాట. 17 అమ్మితే అది 65 అవుతుంది. అందుకే నెల చివర పుస్తకానికి ఇంత అన్న అంకె కాకుండా మొత్తం 1,100 తీసేశాను. ఇది చూసుకోకపోతే ధర పెంచినవాళ్ళందరికీ లాభం ఎక్కువ వచ్చినట్టే కనిపిస్తుంది. రెండోది బయటి పని. 30 నిమిషాలకు తగ్గుతుందనుకున్నది 51 అయింది. పుస్తకాలు తగ్గినంతగా సందేశాలు తగ్గవు. ధర పెరిగితే అడిగే ప్రశ్నలు కూడా పెరుగుతాయి: కాగితం రకం, పంపే రోజులు, వెనక్కి తీసుకుంటారా అని. ఆ జవాబులు కూడా సరుకులో భాగమే అనుకుని కూలి వేసుకోవడమే.

జూన్‌లో 21 పోయాయి, గంటకు 144 పడింది. రెండు నెలల అంకెలతో పెద్ద మాటలు చెప్పను, ఒక్క పెద్ద ఆర్డరు వస్తే చాలు ఈ సగటులు తలకిందులవుతాయి.

తగ్గింపు సంగతి. జూన్ మొదట్లో పది శాతం తగ్గిద్దామా అనుకుని ముందు లెక్క వేశాను. 640లో లాభం 113. ధర 576 చేస్తే కోత పోను 501, ఖర్చు 444, లాభం 57. ధరలో పది శాతం అంటే లాభంలో సగం. అంటే అంతే లాభం రావాలంటే రెండింతల పుస్తకాలు కుట్టాలి. బేరమాడేవాళ్ళకు ఇప్పుడు ధర తగ్గించడం లేదు, కొసరుగా ఇంకో రెండు పేజీ గుర్తులు పెడుతున్నాను. కోతలో పోయే పట్టీలే కాబట్టి ఖర్చు శూన్యం, తీసుకునేవాళ్ళకు మాత్రం అది శూన్యంగా అనిపించదు.

ఆశ్చర్యపరిచింది అట్ట మీద పేరు అచ్చు. పని 6 నిమిషాలే. అక్షరాలు, వరస, చోటు గురించి నడిచే సందేశాలకు మాత్రం సగటున 35 నిమిషాలు. మొత్తం 41 నిమిషాలకు కూలి 82. మొదట 6 నిమిషాలే చూసి 15 వేశాను, నాలుగు ఆర్డర్లకే తల ప్రాణం తోకకొచ్చింది. 100 చేశాను, అది కూడా కోత పోను 87. ఒక్కరూ ఎక్కువన్నది లేదు. 640 దగ్గర ఆలోచించే మనిషి తన పేరుకు మరో 100 ఆలోచించకుండా ఇస్తున్నాడు. ఇప్పుడు మూడు అక్షరాల రకాలు, రెండు చోట్లు ఇచ్చి ఎంచుకోమంటున్నాను, సందేశాలు 12 నిమిషాలకు వచ్చాయి. ధర తగ్గించలేదు.

ఒక దుకాణం వాళ్ళు పుస్తకాలు పెట్టుకుంటామన్నారు, అమ్ముడయ్యాక 40 శాతం వాళ్ళకు. 640లో నాకు 384. నా వైపు కట్ట సామాను 5కి తగ్గుతుంది, బయటి పని 20 నిమిషాలకు తగ్గుతుంది, 13 శాతం కోత ఉండదు. అయినా పదార్థం 133, కట్ట 5, స్థిర ఖర్చు 25, 124 నిమిషాల కూలి 248, మొత్తం 411. ఒక్కోదానికి 27 నష్టం. దుకాణానికి ఎక్కువ ధర, నా దగ్గర తక్కువ ధర పెడితే వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. రెండు చోట్లా 640 ఉండగా ఈ పుస్తకం దుకాణానికి పనికిరాదు.

వాళ్ళకోసం వేరే సరుకు చూస్తున్నాను. ఏ6 సైజు, రెండు ఫారాలు, 32 పేజీలు, మెత్తటి అట్ట, మూడు రంధ్రాల కుట్టు. బల్ల దగ్గర 14 నిమిషాలు పడుతోంది, పదార్థం 21. జూలై 1 నుంచి నాలుగు వారాలు గడియారం పెట్టి కొలుస్తున్నాను. ఇప్పటికి మొదటి 24 అయ్యాయి, రెండు పాడయ్యాయి. రెండూ మూల వంకరగా కోసినవే.